అన్ని ఫారాల్లో తేదీల తనిఖీ: ఆటోమేటిక్‌గా ఎంతవరకు చేయొచ్చు?

తేదీ అడగని వెబ్ అప్లికేషన్ దాదాపు ఉండదు. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, గడువు తేదీ, బుకింగ్ మొదలయ్యే రోజు, ముగిసే రోజు, రిపోర్టు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కావాలో చెప్పే రెండు తేదీలు. అప్లికేషన్ పెరిగేకొద్దీ ఈ ఫీల్డులు పదుల్లోంచి వందల్లోకి వెళ్తాయి. ఒక్కో ఫారం ఒక్కో డెవలపర్ చేతి మీదుగా వస్తుంది కాబట్టి ఒకచోట గీతలతో రాసిన తేదీని తీసుకుంటారు, ఇంకోచోట చుక్కలతో రాసినదాన్ని కూడా తీసుకుంటారు. ఒక ఫారం ఫిబ్రవరి 30ని ఆపేస్తుంది, పక్క ఫారం మారు మాట్లాడకుండా సేవ్ చేసేస్తుంది. ఇదంతా చూశాక ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది: తేదీ ఫీల్డ్ ఎక్కడుంటే అక్కడ వాలిడేషన్, అంటే ఇచ్చిన విలువ చెల్లుతుందో లేదో చూసే తనిఖీ, దానంతట అదే పనిచేసేలా ఒక్క ఏర్పాటు చేసేస్తే పోతుంది కదా అని. ఆలోచన సరైనదే. చిక్కంతా ఆ ఏర్పాటుకి ఏ పని అప్పగించాలి, ఏ పని అప్పగించకూడదు అన్న దగ్గరే వస్తుంది.

ఫీల్డులో ఏదో టైప్ అయింది. దాని గురించి తేల్చాల్సినవి మూడు. అది తేదీ రూపంలో ఉందా? అలాంటి రోజు క్యాలెండర్‌లో ఉందా? ఉన్నా, ఈ ఫారంలో ఈ పనికి అది పనికొస్తుందా? మొదటి రెండింటికీ అప్లికేషన్ మొత్తంలో ఒకే జవాబు ఉంటుంది. ఫిబ్రవరి 30 ఏ ఫారంలోనూ ఉండదు. మూడోది మాత్రం ఫారాన్ని బట్టి మారుతుంది. రేపటి తేదీ బుకింగ్‌కి సరిగ్గా సరిపోతుంది, పుట్టిన తేదీగా అసలు కుదరదు. ఆటోమేటిక్ వాలిడేషన్ మొదటి రెండింటినీ కచ్చితంగా, రాజీ లేకుండా తేల్చాలి. మూడోదాని జోలికి తనంతట తాను వెళ్లకూడదు, ఫారం చెబితేనే వెళ్లాలి. చాలా అప్లికేషన్లలో జరిగేది దీనికి తలకిందులు: మొదటి రెండింట్లో చూసీ చూడనట్టు వదిలేస్తారు, మూడోదాంట్లో ఎవరూ అడగని నిబంధనలు అందరికీ కలిపి పెట్టేస్తారు.

క్యాలెండర్‌లో ఆ రోజు ఉందా లేదా అన్నది తేలికైన ప్రశ్నలా కనిపిస్తుంది. నాలుగుతో భాగిస్తే లీపు సంవత్సరం, వందతో భాగిస్తే కాదు, నాలుగు వందలతో భాగిస్తే మళ్లీ అవును. అందుకే 2000 లీపు సంవత్సరం, 1900 కాదు. ఈ సూత్రం దాదాపు ప్రతి ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలోనూ (ముందే రాసిపెట్టిన కోడ్‌లో) ఉంది, చేత్తో రాసుకోనక్కర్లేదు. అసలు సమస్య సూత్రం తెలియకపోవడం కాదు, లైబ్రరీలు మరీ మంచితనం చూపించడం.

జావాస్క్రిప్ట్‌లో డేట్ ఆబ్జెక్టుకి 2023, ఫిబ్రవరి, 31 అని ఇచ్చి చూడండి. ఎర్రర్ రాదు. 2023 మార్చి 3 వస్తుంది. ఫిబ్రవరి 28 రోజులతో అయిపోయింది, మిగిలిన మూడు రోజుల్ని మార్చిలోకి తోసేసింది. పీహెచ్‌పీలో స్ట్రింగ్‌ని (అక్షరాల వరుసని) సమయంగా మార్చే ఫంక్షన్ కూడా 2023-02-31కి మార్చి 3నే ఇస్తుంది. జావాలోని పాత సింపుల్ డేట్ ఫార్మాట్ డిఫాల్ట్‌గా ఇలాగే సర్దుకుపోతుంది, లీనియంట్ సెట్టింగ్‌ని పనిగట్టుకుని ఆపాలి. 2014లో జావా 8తో వచ్చిన కొత్త టైమ్ లైబ్రరీలో కూడా మనం సొంతంగా ప్యాటర్న్ ఇచ్చి తయారుచేసుకున్న ఫార్మాటర్ డిఫాల్ట్‌గా స్మార్ట్ మోడ్‌లో ఉంటుంది. అది ఫిబ్రవరి 31ని ఫిబ్రవరి 28కి కుదించేస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ కావాలంటే విడిగా అడగాలి. పైథాన్ మాత్రం అలాంటి తేదీ ఇస్తే వెంటనే వాల్యూ ఎర్రర్ విసిరేస్తుంది. ఈ విషయంలో పైథాన్ చేసిందే న్యాయం.

ఎందుకంటే ఫిబ్రవరి 31 అని టైప్ చేసిన మనిషి మనసులో ఉన్నది మార్చి 3 కాదు, ఫిబ్రవరి 28 కూడా కాకపోవచ్చు. జనవరి 31 అనుకుని నెల తప్పు కొట్టి ఉండొచ్చు, ఫిబ్రవరి 13 అనుకుని అంకెలు తారుమారై ఉండొచ్చు. ప్రోగ్రాం దాన్ని ఊహించి సరిచేసిందంటే, కళ్లముందు కనిపించే ఒక తప్పుని ఎవరికీ కనిపించని తప్పుగా మార్చిందన్నమాట. తిరస్కరిస్తే ఆ మనిషికి పది సెకన్ల చికాకు, అంతే. సర్దేస్తే ఆ తప్పుడు తేదీ డేటాబేస్‌లోకి, అక్కడి నుంచి రిపోర్టుల్లోకి, బిల్లుల్లోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఉమ్మడి వాలిడేషన్‌లో మొదటి నియమం: వచ్చిన అంకెలతో తేదీ తయారుచేసి, తయారైన తేదీలోంచి మళ్లీ సంవత్సరం, నెల, రోజు బయటికి తీసి, ఇచ్చినవాటితో పోల్చాలి. మూడింట్లో ఏ ఒక్కటి మారినా అది చెల్లని తేదీ. పీహెచ్‌పీలో ఇందుకోసమే చెక్‌డేట్ అనే ఫంక్షన్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో కొత్తగా వస్తున్న తేదీల లైబ్రరీ టెంపొరల్‌లో, ప్లెయిన్ డేట్‌లోని ఫ్రమ్ ఫంక్షన్‌కి సంవత్సరం, నెల, రోజు ఉన్న ఆబ్జెక్ట్ ఇస్తే డిఫాల్ట్‌గా కుదిస్తుంది, రిజెక్ట్ అని చెబితేనే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఒక్క మాట రాయడం మరిచిపోతే కొత్త లైబ్రరీతోనూ పాత కథే.

మనిషి టైప్ చేసిన తేదీలకే కాదు, ప్రోగ్రాం లెక్కగట్టిన తేదీలకూ ఇదే జాగ్రత్త కావాలి. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజ్యూర్ క్లౌడ్ గంటల తరబడి కుంటుపడింది. ఏడాది గడువుతో సర్టిఫికెట్లు తయారుచేసే కోడ్ ఆ రోజు తేదీలో సంవత్సరానికి ఒకటి కలిపింది. 2013 ఫిబ్రవరి 29 వచ్చింది. అలాంటి రోజు లేదు కాబట్టి సర్టిఫికెట్ తయారు కాలేదు. ఫారంలో "గడువు తేదీ" ఫీల్డుని ప్రోగ్రామే నింపి పెట్టే చోట్ల వాలిడేషన్ అక్కర్లేదనుకోవడం ఎంత రిస్కో ఈ ఘటన చెబుతుంది.

ఎంత గట్టి వాలిడేషన్ పెట్టినా పట్టుకోలేని తప్పు ఒకటుంది. 04/03/2024 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 రెండూ కావచ్చు. రోజూ నెలా రెండూ 12 లోపు ఉన్న తేదీలు ఏడాదికి 144. వాటిలో 01/01, 02/02 లాంటి పన్నెండింటిని ఎటు చదివినా ఒకటే. అవి పోగా 132 తేదీలు, అంటే ఏడాదిలో మూడో వంతుకు పైగా, రెండు రకాలుగానూ చెల్లుతాయి. రూపం సరైనది, రోజూ క్యాలెండర్‌లో ఉంది, అర్థం మాత్రం తప్పు. ఉదాహరణకు పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే జాంగో ఫ్రేమ్‌వర్క్ డిఫాల్ట్ ఫార్మాట్ల జాబితాలో, స్లాష్‌లతో రాసేవాటిలో నెల ముందుండే రూపం ఉంది, రోజు ముందుండేది లేదు. ఆ సెట్టింగ్ మార్చకపోతే 25/12/2024ని తిరస్కరిస్తుంది, 05/12/2024ని మాత్రం మే 12గా తీసుకుని ముందుకెళ్తుంది. పీహెచ్‌పీ ఇంకో అడుగు ముందుకేసి, మధ్యలో స్లాష్ ఉంటే నెల ముందు అనీ, గీత ఉంటే రోజు ముందు అనీ అనుకుంటుంది. ఇలాంటప్పుడు "ఏ ఫార్మాట్‌లో ఇచ్చినా తీసుకుంటాం" అనేది యూజర్‌కి చేసే సాయం కాదు. రెండంకెల సంవత్సరానిదీ ఇదే గొడవ. పైథాన్ 69 నుంచి 99 వరకు 1900లలో, 00 నుంచి 68 వరకు 2000లలో వేస్తుంది. 1968లో పుట్టినవారు 68 అని కొడితే 2068 అవుతుంది. సంవత్సరం నాలుగంకెల్లోనే తీసుకోవాలి. అప్లికేషన్ లోపల, బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య ఒక్క రూపమే తిరగాలి: సంవత్సరం, నెల, రోజు వరుసలో, 2024-03-04 లాగా. తేదీలు రాసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 1988 నుంచి చెబుతున్నది ఇదే.

బ్రౌజర్‌లో ఉన్న సొంత డేట్ ఫీల్డ్ ఈ గందరగోళాన్ని చాలావరకు తీరుస్తుంది. తెర మీద యూజర్‌కి అలవాటైన వరుసలో చూపిస్తుంది, ప్రోగ్రాంకి మాత్రం ఎప్పుడూ ఐఎస్ఓ రూపంలోనే ఇస్తుంది. తెర మీది వరుస బ్రౌజర్ సెట్టింగుని బట్టి ఉంటుంది కాబట్టి ఫీల్డ్ పక్కన "రోజు/నెల/సంవత్సరం" అని మనం రాసిపెట్టే సూచన ఒక్కోసారి లోపల కనిపించేదానికి విరుద్ధంగా ఉంటుంది. ఈ ఫీల్డుతో వెళ్తే ఆ సూచన తీసేయడమే మంచిది.

అయితే ఈ ఫీల్డుకీ కొన్ని పేచీలున్నాయి. క్రోమ్‌లో సంవత్సరం దగ్గర 24 అని మాత్రమే కొట్టి పక్కకి వెళ్తే అది 2024 కాదు, క్రీస్తుశకం 24. బ్రౌజర్ లెక్కలో అది చెల్లే తేదీయే. అదే తేదీ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లోని పాత డేట్‌టైమ్ కాలమ్‌కి వెళ్తే అక్కడ ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఆ టైపు 1753 జనవరి 1 నుంచే మొదలవుతుంది. అటువైపు చూస్తే, గరిష్ఠ తేదీ పెట్టకపోతే క్రోమ్ ఆరంకెల సంవత్సరాన్ని కూడా టైప్ చేయనిస్తుంది. అందుకే ఫారం ఏమీ చెప్పకపోయినా ఉమ్మడి ఏర్పాటు ప్రతి ఫీల్డుకీ విశాలమైన హద్దులు రెండు పెట్టాలి, 1900 నుంచి 2100 వరకు అన్నట్టుగా. ఇది మూడో ప్రశ్నలో తలదూర్చడమే అనిపించొచ్చు కానీ, వాడకంలో ఇది టైపింగ్ తప్పుల్ని పట్టుకునే వల. పాత దస్తావేజులతో పనిచేసే ఫారం ఆ హద్దుని తానే సడలించుకోవచ్చు.

సగం నింపిన తేదీది ఇంకో చిక్కు. రోజూ నెలా కొట్టి సంవత్సరం వదిలేస్తే ఫీల్డ్ విలువ ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. విలువని మాత్రమే చూసే స్క్రిప్టుకి అది అసలు నింపని ఫీల్డులాగే కనిపిస్తుంది. తప్పనిసరి ఫీల్డ్ కాకపోతే సరేనని వదిలేస్తుంది. యూజర్ తేదీ ఇచ్చాననే అనుకుంటారు, సర్వర్‌కి ఏమీ చేరదు. దీన్ని పట్టుకోవాలంటే విలువతో పాటు ఫీల్డ్ వాలిడిటీలో బ్యాడ్ ఇన్‌పుట్ అనే గుర్తుని కూడా చూడాలి.

ఇక అన్ని ఫారాలకీ దీన్ని ఎలా తగిలించాలన్నది. పేజీ లోడ్ కాగానే తేదీ ఫీల్డులన్నీ వెతికి ఒక్కోదానికీ ఈవెంట్ హ్యాండ్లర్ (ఫీల్డులో ఏదైనా జరిగినప్పుడు నడిచే కోడ్) కట్టడం అందరికీ మొదట తట్టే దారి. "ఇంకో వరుస చేర్చు" అనే బటన్ ఉన్న మొదటి ఫారం దగ్గరే అది బెడిసికొడుతుంది. తర్వాత పుట్టిన ఫీల్డులకి హ్యాండ్లర్ ఉండదు. డాక్యుమెంట్ స్థాయిలో ఒక్క హ్యాండ్లర్ పెట్టి, ఈవెంట్ ఏ ఫీల్డ్ నుంచి వచ్చిందో చూసుకోవడం నయం. అక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఫీల్డ్ వదిలినప్పుడు వచ్చే బ్లర్ ఈవెంట్ ఫీల్డ్ నుంచి డాక్యుమెంట్ దాకా పైకి రాదు, ఆ సందర్భంలోనే వచ్చే ఫోకస్ అవుట్ వస్తుంది. ఫీల్డ్ తనిఖీలో తప్పినప్పుడు వచ్చే ఇన్‌వాలిడ్ ఈవెంట్ కూడా పైకి రాదు, దాన్ని ఈవెంట్ పై నుంచి ఫీల్డ్ వైపు దిగే క్యాప్చర్ దశలో పట్టుకోవాలి. మరి ఛేంజ్ ఈవెంట్ వాడితే సరిపోదా అంటే, క్రోమ్ డేట్ ఫీల్డులో అది చాలా తొందరపడుతుంది. రోజూ నెలా నింపేసి 2024 అని కొడుతుంటే మొదటి 2 దగ్గరే సంవత్సరం 0002 అనుకుని ఈవెంట్ వచ్చేస్తుంది, తర్వాత 0020, 0202 దగ్గర కూడా. ఆ వేగంతో వాలిడేషన్ నడిస్తే యూజర్ ఇంకా టైప్ చేస్తుండగానే ఎర్ర అక్షరాలు మీద పడతాయి. ఫీల్డ్ వదిలి వెళ్లాకే తప్పు చూపించాలి. ఒకసారి తప్పు చూపించాక మాత్రం, దిద్దుతున్నప్పుడు తేదీ సరి అయిన క్షణంలోనే మెసేజ్ తీసేయాలి.

సొంత ఎర్రర్ మెసేజ్ పెట్టే సెట్ కస్టమ్ వాలిడిటీ ఫంక్షన్ దగ్గర చాలామంది పొరబడతారు. ఒకసారి మెసేజ్ పెడితే, ఖాళీ స్ట్రింగ్‌తో దాన్ని చెరిపేదాకా ఆ ఫీల్డ్ తప్పుగానే ఉండిపోతుంది. యూజర్ తేదీ సరిచేసినా ఫారం కదలదు. తనిఖీ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చెరపడం అలవాటు చేసుకోవాలి. అలాగే స్క్రిప్ట్ నుంచి సబ్మిట్ ఫంక్షన్‌ని పిలిస్తే బ్రౌజర్ వాలిడేషన్ మొత్తాన్ని దాటేసి ఫారం వెళ్లిపోతుంది, రిక్వెస్ట్ సబ్మిట్ పిలిస్తేనే తనిఖీ జరుగుతుంది. పాత కోడ్ ఉన్న అప్లికేషన్‌లో ముందుగా వెతకాల్సింది దీన్నే. ఇంకోటి, మూసి ఉన్న ట్యాబ్‌లో తప్పనిసరి తేదీ ఫీల్డ్ ఖాళీగా ఉంటే బ్రౌజర్ ఫారాన్ని ఆపేస్తుంది కానీ, కనిపించని ఫీల్డ్ దగ్గర మెసేజ్ చూపించలేదు. యూజర్‌కి బటన్ నొక్కినా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఇన్‌వాలిడ్ ఈవెంట్ వచ్చినప్పుడు ఆ ట్యాబ్‌ని తెరిచే బాధ్యత కూడా ఉమ్మడి ఏర్పాటే తీసుకోవాలి.

టైమ్ జోన్ల గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. ఇక్కడ అవసరమైనంత వరకు: పుట్టిన తేదీ లాంటిది ఒక రోజు, ఒక క్షణం కాదు. జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్ మాత్రం క్షణం. 2024 మార్చి 10ని స్థానిక అర్ధరాత్రిగా తయారుచేసి, సర్వర్‌కి పంపడానికి ఐఎస్ఓ స్ట్రింగ్‌గా మారిస్తే, గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందున్న చోట అది 2024-03-09, 18:30 అవుతుంది. తేదీ ఒక రోజు వెనక్కి పోయింది. తిరగేసి, 2024-03-10 అనే స్ట్రింగ్‌ని నేరుగా డేట్‌గా చదివితే అది గ్రీనిచ్ అర్ధరాత్రి అవుతుంది, అప్పుడు గ్రీనిచ్‌కి వెనకున్న దేశాల్లో మార్చి 9 కనిపిస్తుంది. వాలిడేషన్ కోడ్ తేదీని సంవత్సరం, నెల, రోజు అనే మూడు సంఖ్యలుగానే ఉంచి పోల్చుకుంటే ఈ బాధ ఉండదు. ఐఎస్ఓ రూపంలో ఉన్న రెండు తేదీల్ని స్ట్రింగులుగా పోల్చినా ముందు వెనకలు సరిగ్గానే తేలతాయి, క్షణాల్లోకి వెళ్లాల్సిన పనే లేదు.

మూడో ప్రశ్న దగ్గర ఉమ్మడి ఏర్పాటు పని నిబంధనలు కనిపెట్టడం కాదు, ఫారం చెప్పినవాటిని అమలుచేయడం. ఫీల్డ్ మీదే ఒక గుర్తు ఉండాలి: గతం మాత్రమే, ఈ రోజు నుంచి, ఫలానా ఫీల్డ్ కన్నా తర్వాత. ఇందులో "ఈ రోజు" అనేది ఎవరి ఈ రోజో తేల్చుకోవాలి. పేజీ తెరిచినప్పుడు గరిష్ఠ తేదీగా పెట్టిన ఈ రోజు, అర్ధరాత్రి దాటితే నిన్న అయిపోతుంది. ట్యాబ్ తెరిచి ఉంచేవాళ్లు తక్కువేం కాదు, కాబట్టి తనిఖీ చేసే క్షణంలో లెక్కగట్టాలి. యూజర్ కంప్యూటర్ గడియారం తప్పుండొచ్చు, కాబట్టి తుది మాట సర్వర్‌దే. మొదలు, ముగింపు లాంటి జంట తేదీల్లో ఒకటి మార్చినప్పుడు రెండోదాన్ని కూడా మళ్లీ తనిఖీ చేయాలి. లేకపోతే ముగింపు తేదీ దగ్గర వచ్చిన ఎర్రర్ మొదలు తేదీని సరిచేసినా పోదు. వయసు లెక్కల్లో ఫిబ్రవరి 29న పుట్టినవారికి మామూలు సంవత్సరంలో ఏ రోజున ఏడాది నిండినట్టో అన్ని దేశాల చట్టాలూ ఒకేలా చెప్పవు. దాన్ని లైబ్రరీ డిఫాల్ట్‌కి వదిలేయకుండా, ఆ ఫారం ఎవరి అవసరానికో వాళ్లనే అడిగి రాయించుకోవాలి.

బ్రౌజర్‌లో ఎంత చేసినా సర్వర్ మళ్లీ అంతా చేయాల్సిందే. ఫారంతో పనిలేకుండా నేరుగా రిక్వెస్ట్ పంపడం ఎవరికైనా సాధ్యమే. రెండు చోట్లా విడివిడిగా నిబంధనలు రాస్తే అవి ఎప్పుడో ఒకప్పుడు విడిపోతాయి. చిన్న ఉదాహరణ: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాలు ఏ నమూనాలో ఉండాలో చెప్పే రాతలో) అంకెల్ని సూచించే గుర్తు జావాస్క్రిప్ట్‌లో 0 నుంచి 9 వరకే ఒప్పుకుంటుంది. అదే గుర్తు పైథాన్ 3లో యూనికోడ్‌లోని ఇతర లిపుల అంకెల్ని కూడా ఒప్పుకుంటుంది, తెలుగు అంకెలతో సహా. ౨౦౨౪ అని ఇస్తే బ్రౌజర్ కాదంటుంది, సర్వర్ ఔనంటుంది. నిబంధన సర్వర్ వైపు ఒక్కచోట ఉండి, ఫీల్డ్ మీది గుర్తులు దాన్నుంచే తయారవ్వాలి. డేటాబేస్ కూడా చివరి కాపలాగా ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 5.7కి ముందు డిఫాల్ట్ సెట్టింగుల్లో చెల్లని తేదీ ఇస్తే 0000-00-00 అని రాసుకుని ఊరుకునేది. ఆ తర్వాతి వెర్షన్లలో స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయింది. పాత సర్వర్ నుంచి తెచ్చుకున్న సెట్టింగులతో నడిచేచోట మాత్రం అది నిజంగా ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఎర్రర్ మెసేజ్‌లలో "చెల్లని తేదీ" అన్న రెండు ముక్కలతో ఎవరికీ లాభం లేదు. "2023 ఫిబ్రవరిలో 28 రోజులే ఉన్నాయి" అంటే ఏం దిద్దాలో తెలుస్తుంది. "ముగింపు తేదీ మార్చి 4 తర్వాత ఉండాలి" అంటే వేరే ఫీల్డ్ వైపు చూడాల్సిన పని తప్పుతుంది. తప్పు ఎక్కడుందో ఉమ్మడి కోడ్‌కి తెలుసు కాబట్టి, అదే ఈ వాక్యాల్ని తయారుచేయగలదు. మెసేజ్‌ని రంగుతో మాత్రమే చూపించకుండా, చూపులేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదివేలా ఫీల్డుకి జతచేయాలి. దీన్ని ఒక్కచోట సరిగ్గా చేస్తే అన్ని ఫారాలకీ ఒకేసారి వస్తుంది. ఉమ్మడి ఏర్పాటు వల్ల కలిగే అతిపెద్ద లాభం బహుశా ఇదే.

ఇదంతా కొత్త అప్లికేషన్ అయితే సాఫీగా సాగుతుంది. ఏళ్ల తరబడి నడుస్తున్న అప్లికేషన్‌లో డేటాబేస్ నిండా పాత తేదీలుంటాయి: 0000-00-00లు, 1900-01-01లు, 0024లు. కొత్త వాలిడేషన్ పెట్టిన మర్నాడు ఎవరో తమ ఫోన్ నంబర్ మార్చుకుందామని ఫారం తెరుస్తారు. తాము ముట్టుకోని చేరిన తేదీ దగ్గర ఎర్రర్ వచ్చి సేవ్ కాదు. ఆ తేదీ ఏమిటో వాళ్లకి గుర్తుండకపోవచ్చు, మార్చే అధికారం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి మొదట కొన్నాళ్లు ఆపకుండా, ఏ ఫారంలో ఏ ఫీల్డ్ ఏ కారణంతో తప్పుతోందో లాగ్‌లో మాత్రం రాయించాలి. ఆ లాగ్ చూస్తే ఏ హద్దులు మరీ బిగుతుగా ఉన్నాయో, ఏ ఫారం ఇంకా పాత ఫార్మాట్‌లో పంపుతోందో బయటపడుతుంది. తర్వాత యూజర్ మార్చిన ఫీల్డుల మీద మాత్రమే ఎర్రర్‌తో ఆపాలి, మార్చని పాత విలువ దగ్గర హెచ్చరిక చూపించి సేవ్ అవ్వనివ్వాలి. పాత తేదీల శుభ్రతని విడి పనిగా పెట్టుకుని, సరైన తేదీ తెలిసినవారి చేతే దిద్దించి, ఆఖరి చెడ్డ తేదీ పోయాక డేటాబేస్ కాలమ్ మీద హద్దు బిగించొచ్చు.